చౌక టికెట్‌తో కాశీకి, భోజనం టికెట్‌తో ఇంటికి

పుష్య పౌర్ణమినాడు గంగలో మునగాలని మా పెద్దమ్మకు ఏళ్లనాటి కోరిక. 2024లో ఆ పౌర్ణమి జనవరి 25న, గురువారం వచ్చింది. సంక్రాంతికి వచ్చిన కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిన సమయం. అమ్మా, పెద్దమ్మా కూడబలుక్కుని నా దగ్గరికి వచ్చారు. మా వైపు వాళ్లకు కాశీ అంటే దానాపూర్ ఎక్స్‌ప్రెస్సే. కానీ ఒక పగలు, ఒక రాత్రి దాటి సాగే ఆ ప్రయాణానికి పెద్దమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. విమానమే ఖాయమైంది.

వెళ్లేటప్పుడు హైదరాబాద్ నుంచి వారణాసికి నేరుగా వెళ్లే బడ్జెట్ విమానం దొరికింది. తిరుగు ప్రయాణం దగ్గర చిక్కొచ్చింది. రిపబ్లిక్ డే శుక్రవారం పడటంతో మూడు రోజుల సెలవులు కలిసొచ్చాయి, ఆదివారం నేరు విమానం ధర రెట్టింపు దాటింది. ఢిల్లీ మీదుగా వస్తే, భోజనం పెట్టే పాత పద్ధతి సంస్థలో అంతకంటే తక్కువకే వస్తోంది. రెండు విమానాలకూ కలిపి ఒకే టికెట్, ఒకే పీఎన్ఆర్. ఆ విధంగా ఒకే యాత్రలో రెండు రకాల సేవలూ చూసే అవకాశం కలిగింది. ఏ సంస్థల్లో వెళ్లామో రాయడం లేదు. ఒకసారి ఎక్కిన విమానాన్ని బట్టి సంస్థ మొత్తానికి మార్కులు వేయడం న్యాయం కాదు. అప్పట్లో మన దేశంలో భోజనం పెట్టే పెద్ద సంస్థలు రెండు ఉండేవి, ఎయిరిండియా, విస్తారా. ఆ ఏడాది నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది, ఇప్పుడు మిగిలింది ఒకటే.

బుధవారం

తెల్లవారుజామున మూడింటికి ఖమ్మంలో కారు బయలుదేరింది. సూర్యాపేటలో టీ తాగి, ఎనిమిదిన్నరకు శంషాబాద్ చేరాం.

బడ్జెట్ విమానంలో మనిషికి 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతిసంచి. ఇంట్లోనే కాటా మీద పెట్టి చూసుకున్నాం కాబట్టి బరువు దగ్గర పేచీ రాలేదు. పేచీ ఎండుకొబ్బరి దగ్గర వచ్చింది. "పెట్టెలో ఎండుకొబ్బరి ఉందా అమ్మా?" అని కౌంటర్‌లో అమ్మాయి అడగ్గానే పెద్దమ్మ నా వైపు చూసింది. ఉంది. కాశీలో ముత్తయిదువులకు తాంబూలంలో ఇవ్వడానికి తెచ్చిన చిప్పలు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తేలిగ్గా అంటుకుంటుంది. అందుకే ఏ సంస్థ విమానమైనా సామాను పెట్టెల్లో దాన్ని పెట్టనివ్వరు. పెట్టె తెరిచి చిప్పలు బయటికి తీశాం. పెద్దమ్మ అటూ ఇటూ చూసి, అక్కడ నేల తుడుస్తున్న ఆవిడను పిలిచి, బొట్టు పెట్టినంత మర్యాదగా ఆమె చేతిలో పెట్టేసింది. ఆవకాయ సీసా మాత్రం పెట్టెలోనే భద్రంగా వెళ్లింది. దాన్ని చేతిసంచిలో పెట్టుకుంటే భద్రతా తనిఖీ దగ్గర ఆపేస్తారని ముందే చెప్పి ఒప్పించాను.

వీల్‌చెయిర్ కావాలని రెండు రోజుల ముందే ఫోనులో రాయించాను. 48 గంటల ముందు చెప్పడం మంచిది, చెబితే డబ్బు తీసుకోకుండా ఏర్పాటు చేయాలి. అందులో చౌక సంస్థకూ ఖరీదైన సంస్థకూ తేడా లేదు. పది నిమిషాల్లో కుర్చీ వచ్చింది. దాన్ని తోసే కుర్రాడిది మహబూబ్‌నగర్ వైపు. తాను విమాన సంస్థ ఉద్యోగిని కాననీ, ఏజెన్సీ మనిషిననీ, పొద్దున ఒక సంస్థ ప్రయాణికులను దింపితే మధ్యాహ్నం ఇంకో సంస్థ వాళ్లను ఎక్కిస్తాననీ చెప్పాడు. సేవ బాగుందనో లేదనో మనం ఒక సంస్థను తలుచుకుంటాం, చాలాసార్లు కుర్చీ వెనక ఉండేది ఇలాంటి కుర్రాడే. పెద్దమ్మ అతని ఊరు, ఇంటిపేరు, పెళ్లయిందా లేదా అన్నీ గేటు చేరేలోపే తెలుసుకుంది.

సీట్లకు విడిగా డబ్బు కట్టలేదు. కట్టకపోతే కంప్యూటర్ తనకు తోచినట్టు ఇస్తుంది. ముగ్గురికీ మూడు వేర్వేరు వరుసల్లో నడిమి సీట్లు వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, పన్నెండేళ్ల లోపు పిల్లలను ఒకే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన కూర్చోబెట్టాలని ఆదేశించింది. తల్లులను కొడుకుల పక్కన కూర్చోబెట్టాలన్న నియమం మాత్రం అప్పటికి లేదు. పెద్దమ్మ పక్కన కూర్చున్న కుర్రవాడు అడగకుండానే లేచి అమ్మకు చోటిచ్చాడు. నేను నడిమి సీటులోనే, ఇద్దరి మోచేతుల మధ్య, వారణాసి చేరాను.

అది ఎయిర్‌బస్ ఏ320. ఇదే విమానాన్ని పాత పద్ధతి సంస్థ నడిపితే ముందు బిజినెస్ తరగతి పెట్టి, మొత్తం సీట్లు సుమారు 160 దగ్గర ఆపుతుంది. బడ్జెట్ సంస్థ ఆ తరగతి తీసేసి 180 నుంచి 186 దాకా బిగిస్తుంది. ప్రతి 50 సీట్లకు ఒక సిబ్బంది చొప్పున ఉండాలని నియమం కాబట్టి ఇక్కడ నలుగురు. వీళ్లు మంచినీళ్లు అడిగితే కప్పులో ఇస్తారు, మిగిలిందంతా అమ్మకమే. వేడినీళ్లు పోసి మూతపెట్టి కొద్ది నిమిషాలు ఆగితే ఉప్మా అయ్యే కప్పు ఒకటి అమ్మ కుతూహలం కొద్దీ కొనిపించింది. మూత తీసి, చెంచాతో కదిపి, ఒక ముద్ద తిని, పెద్దమ్మకు చూపించింది. పెద్దమ్మ ఆ కప్పును ముట్టుకోలేదు. తన సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. చింతపండు పులిహోర. ఇంగువ వాసన మూడు వరుసలు దాటి నా దాకా వచ్చింది. తీర్థయాత్రకు వెళ్తూ బయటి వంట ముట్టని మనిషికి విమానంలో భోజనం ఉచితమా, అమ్మకమా అన్న చర్చే అనవసరం. ఇంటి నుంచి తెచ్చుకున్నది తినడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పైగా సిబ్బందిలో ఒకమ్మాయి ఆగి, "వాసన చాలా బాగుంది ఆంటీ" అని హిందీలో అంది. పెద్దమ్మకు హిందీ రాదు, కానీ ఆ మాట అర్థమైంది.

దిగడానికి ఇరవై నిమిషాల ముందు అదే అమ్మాయి చేతికి తొడుగు వేసుకుని, పెద్ద సంచి పట్టుకుని వరుస వరుసకూ వచ్చి చెత్త తీసుకుంది. "ఒరేయ్, విమానం నడిపేవాళ్లే చెత్త కూడా ఎత్తుతారేమిట్రా?" అని పెద్దమ్మ వెనక్కి తిరిగి గట్టిగా అడిగింది. జవాబు గాల్లో అరవడం ఎందుకని దిగాక చెప్పాను. బడ్జెట్ సంస్థ లెక్కంతా ఆ సంచిలోనే ఉంది. నేలమీద నిలబడిన విమానం సంపాదించదు. దిగిన అరగంటలోపు మళ్లీ ఎగరాలి. శుభ్రం చేసేవాళ్లు ఎక్కి దిగేదాకా ఆగితే ఆ అరగంట చాలదు. అందుకే గాల్లో ఉండగానే సిబ్బందే సగం పని కానిచ్చేస్తారు. ముందు తలుపు, వెనక తలుపు రెండూ తెరిచి జనాన్ని దింపుతారు. వంటగది చిన్నది, ఒకే రకం విమానాలు. పైలట్ల శిక్షణకూ, విడిభాగాలకూ అన్నిటికీ ఒకటే లెక్క. అలా మిగిల్చిన డబ్బే టికెట్ ధరలో తగ్గింది.

పెద్దమ్మకు బేగంపేట రోజులు తెలుసు. పెదనాన్న ఉద్యోగరీత్యా ఢిల్లీ వెళ్లినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పళ్లెం పట్టుకుని ఇచ్చే చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది జేబులో వేసుకొచ్చి పిల్లలకు పంచేవారట. 1953లో విమానయానం జాతీయం అయ్యాక దాదాపు నాలుగు దశాబ్దాలు దేశంలో తిరగడానికి ఆ ఒక్క సంస్థే దిక్కు. సేవ ఎలా ఉన్నా పోల్చి చూసుకోవడానికి రెండోది లేదు. 2003 ఆగస్టులో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ పేరుతో బెంగళూరు నుంచి హుబ్లీకి తొలి చౌక విమానం ఎగరేశారు. ఆ కొద్దికాలానికే హైదరాబాద్ నుంచి విజయవాడకు ప్రారంభ విమానం, వెంకయ్యనాయుడు గారు కూర్చుని ఉండగా, బేగంపేట రన్‌వే మీదే మంటలు కనిపించి ఆగిపోయింది. తెలుగునాట చౌక విమానానికి అదీ ప్రారంభోత్సవం. అయినా జనం ఎక్కడం మానలేదు. నేనైతే ఆ అరిష్టం కథ అమ్మకు చెప్పలేదు.

వారణాసి విమానాశ్రయం బాబత్‌పూర్‌లో అనుకున్న సమయానికంటే కాస్త ముందే దిగాం. వీల్‌చెయిర్ వాళ్ల కోసం విమానం తలుపు దాకా పైకి లేచే బండి, ఆంబులిఫ్ట్, సిద్ధంగా ఉంది. పెట్టెలు మా కంటే ముందు బెల్టు మీదికి వచ్చాయి. ఒప్పుకోవాలి, ఆ రోజు ఏ లోటూ జరగలేదు.

గురువారం

కాశీ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను క్లుప్తంగా ముగిస్తాను. విమానాశ్రయం నుంచి నగరం పాతిక కిలోమీటర్లు. మానససరోవర్ ఘాట్ దగ్గర తెలుగువాళ్ల ఆశ్రమంలో దిగాం. తెల్లవారకముందే పొగమంచులో, ఎదురుగా మనిషి కూడా కనిపించని చలిలో, అక్కాచెల్లెళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మూడు మునకలు వేశారు. అవతలి ఒడ్డు తొమ్మిది దాకా కనిపించలేదు. ఈ మంచు ఆదివారం కూడా ఇలాగే ఉంటే విమానం ఎలా లేస్తుందన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. గంగ ఒడ్డున నిలబడి ఫోనులో విమానాల రాకపోకలు చూసే నన్ను పెద్దమ్మ పాపాత్ముడిలా చూసింది.

ఆ నెల పొగమంచు మామూలుది కాదు. అంతకు పదకొండు రోజుల ముందు, జనవరి 14న, గోవా నుంచి ఢిల్లీ వెళ్లాల్సిన ఇండిగో విమానాన్ని ముంబైకి మళ్లిస్తే, ప్రయాణికులు విమానం పక్కనే నేలమీద కూర్చుని భోజనం చేసిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. పౌర విమానయాన భద్రతా సంస్థ ఇండిగోకు 1.20 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అదే వారం, పొగమంచులో దిగే శిక్షణ ఉన్న పైలట్లను డ్యూటీలో వేయనందుకు డీజీసీఏ ఎయిరిండియాకు 30 లక్షలు, స్పైస్‌జెట్‌కు 30 లక్షలు వడ్డించింది. ఒకటి భోజనం పెట్టేది, ఒకటి అమ్మేది. మంచు ముందు రెండూ సమానమే.

శుక్రవారం, శనివారం

విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు. పెద్దమ్మకు తొమ్మిది రాత్రుల నిద్ర చేయాలని ఉంది, నా సెలవు అంత లేదు.

శనివారం సాయంత్రం సర్దుడు మొదలైంది. వచ్చినప్పుడు పులిహోర, బట్టలు. వెళ్లేటప్పుడు ఇత్తడి అన్నపూర్ణలు, కాశీ దారాలు, మూతకు సీలు వేసిన రాగి చెంబుల్లో గంగ, అమ్మ కొన్న రెండు చీరలు. కాశీ వెళ్లొచ్చినవాళ్లు గంగ పంచకపోతే ఊళ్లో మాట పోతుంది. చెంబులన్నీ తువ్వాళ్లలో చుట్టి ఒకే పెట్టెలో పెట్టాం, అది పెద్దమ్మ గంగ పెట్టె. పుణ్యానికి బరువు ఎక్కువని ఆశ్రమంలో ఉన్న స్ప్రింగు కాటా చెప్పింది. అన్నపూర్ణలు చేతిసంచిలోకి, చీరలు ఒంటిమీదికి మారాయి.

బరువు విషయంలో ఒక మాట. ఒకప్పుడు పాత పద్ధతి సంస్థలకూ చౌక సంస్థలకూ కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఇదే. 2024 మే నుంచి ఎయిరిండియా కూడా దేశీయ ప్రయాణాల్లో చవక రకం టికెట్లకు 15 కిలోలే అంది. అంటే ఇప్పుడు సంస్థ పేరు కాదు, టికెట్ రకం చదువుకోవాలి. ఇటు బడ్జెట్ సంస్థల్లో పెద్దదైన ఇండిగో ఆ ఏడాది నవంబరులో ఢిల్లీ, ముంబై మధ్య బిజినెస్ తరగతి సీట్లు పెట్టింది. వాళ్లు వీళ్లవుతున్నారు, వీళ్లు వాళ్లవుతున్నారు.

ఆదివారం

విమానం పదిన్నరకు. ఎనిమిదికే బాబత్‌పూర్ చేరితే టెర్మినల్ అద్దాల బయట ఏమీ లేదు, తెల్లగా ఉంది. తెరమీద మా విమానం ఎదురుగా మొదట పదకొండున్నర, తరువాత పన్నెండున్నర, ఆ తరువాత గంట చూపించకుండా ఆలస్యం అన్న మాట మాత్రమే. ఢిల్లీ విమానాశ్రయంలో దట్టమైన మంచులోనూ దిగగలిగే ఏర్పాటు ఉంది. దాన్ని క్యాట్ త్రీ అంటారు. వారణాసిలో అంత లేదు. ఢిల్లీ నుంచి రావలసిన విమానం వచ్చి దిగితేనే మేము ఎక్కేది.

దేశంలో ఎగిరే ప్రతి సంస్థకూ వర్తించే డీజీసీఏ నియమం ఒకటుంది. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, రెండు గంటలకు మించి ఆలస్యమయ్యేటప్పుడు ఫలహారం ఇవ్వాలి. పొగమంచు లాంటి సంస్థ చేతిలో లేని కారణమైతే నష్టపరిహారం ఇవ్వనక్కరలేదు. ఇది చాలామందికి తెలియదు, కౌంటర్ దగ్గర అరిచేవాళ్లకు అసలే తెలియదు. ఆ పొద్దున టెర్మినల్లో చౌక సంస్థ వాళ్లు బల్ల వేసి, బిస్కెట్లు, పండ్లరసం పెట్టి చక్కగా వరుస నడిపించారు. మా సంస్థ వాళ్లు శాండ్‌విచ్ డబ్బాలు గేటు దగ్గరికి తెచ్చి, సీట్లలో కూర్చున్న ముసలివాళ్ల చేతికి ఇచ్చారు. తేడా అంతే. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

అక్కడే తాడేపల్లిగూడెం దంపతులు పరిచయమయ్యారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మా విమానంలోనే ఢిల్లీ వస్తున్నారు. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మాత్రం వేరే బడ్జెట్ సంస్థలో విడిగా కొన్నారు. అలా కొంటే ఇద్దరికీ కలిపి దగ్గర దగ్గర రెండు వేలు తగ్గిందని, ఆ లెక్క ఎలా కుదిర్చారో ఆయన ఎంతో ఉత్సాహంగా వివరించారు. వింటూ నేను గడియారం చూసుకున్నాను. మా రెండో విమానం మూడింటికి, ఆయనది మూడున్నరకు.

ఒంటిగంట దాటాక విమానం కదిలింది. ఇదీ ఏ320 రకమే, కానీ ముందు సీటుకూ మోకాలికీ మధ్య ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ. నేను కొలవలేదు, పెద్దమ్మ మోకాళ్లు చెప్పాయి. వెళ్లేటప్పుడు దిగాక ఐదు నిమిషాలు నిలబడలేకపోయిన మనిషి, ఈసారి తనంతట తానే లేచింది. వేడి పరాఠా, పనీర్ కూర, చిన్న గిన్నెలో పాయసం వచ్చాయి. అమ్మ తనది తిని, పెద్దమ్మ వద్దన్నదీ తిని, గిన్నె చిన్నదని వ్యాఖ్యానించింది. పెద్దమ్మ అరటిపండుతో సరిపెట్టుకుంది. నేను చూసినంతలో, భోజనం కంటే ఎక్కువ ఉపయోగపడింది ఆ భోజనం ఇవ్వడానికి వచ్చిన మనిషి. ప్రతి వరుస దగ్గరా ఆగాల్సి రావడంతో, ఒక్కొక్కరితో రెండు మాటలు మాట్లాడాల్సి వస్తుంది. హైదరాబాద్ విమానం అందదేమోనని అమ్మ గాభరాను గమనించి, ఒకాయన మా బోర్డింగ్ పాసులు చూసి, ఢిల్లీలో దిగగానే ఏ కౌంటర్‌కు వెళ్లాలో కాగితం మీద రాసిచ్చాడు. చౌక విమానంలో సిబ్బంది చెడ్డవాళ్లని కాదు. ఇరవై ఎక్కువ మంది ప్రయాణికులు, అమ్మకాల బండి, చెత్త సంచి. వాళ్లకు ఆగే తీరిక తక్కువ.

ఢిల్లీ మూడో టెర్మినల్లో దిగేసరికి మా రెండో విమానం గేటు మూసేశారు. వీల్‌చెయిర్ రాలేదు. పదినిమిషాలు, ఇరవై, ముప్పై. విమానం ఖాళీ అయింది, శుభ్రం చేసేవాళ్లు ఎక్కారు, పెద్దమ్మ మొదటి వరుసలో బిజినెస్ తరగతి సీటులో కూర్చుని ఎదురుచూసింది. సీటు బాగుందని ఆమెకు తృప్తి. నాకు మాత్రం వెళ్లేటప్పుడు పది నిమిషాల్లో కుర్చీ తెచ్చిన మహబూబ్‌నగర్ కుర్రాడు గుర్తొచ్చాడు. మేము ఇల్లు చేరిన కొద్ది వారాలకే, ఫిబ్రవరిలో, ముంబైలో అమెరికా నుంచి వచ్చిన 80 ఏళ్ల పెద్దాయన వీల్‌చెయిర్లు చాలక భార్య కుర్చీ వెంట నడుస్తూ కుప్పకూలి చనిపోయారని పేపర్లో చదివాను. డీజీసీఏ ఎయిరిండియాకు 30 లక్షల జరిమానా వేసింది. టికెట్ మీద ఎక్కువ పెట్టినంత మాత్రాన కుర్చీ వస్తుందన్న హామీ లేదు. అందుకే నేను ఇప్పుడు దిగేచోటి వీల్‌చెయిర్ గురించి ఎక్కేచోటే మళ్లీ ఒకసారి అడిగి, తరువాతి విమానాశ్రయానికి సందేశం పంపారో లేదో చూడమంటాను.

నలభై నిమిషాలకు కుర్చీ వచ్చింది. కాగితం మీద రాసిన కౌంటర్ దగ్గరికి వెళ్లాం. వరుసలో మా ముందు తాడేపల్లిగూడెం దంపతులు. కౌంటర్‌లో అమ్మాయి వాళ్ల కాగితాలు చూసి, హిందీలో నెమ్మదిగానే చెప్పింది: మీ ప్రయాణం మా సంస్థతో ఢిల్లీ వరకే, అది పూర్తయింది. తరువాతి టికెట్ వేరే సంస్థది, మేమేమీ చేయలేం. ఆయన పదే పదే, "ఆలస్యం చేసింది మీరే కదా" అన్నారు. నిజమే. కానీ రెండో సంస్థ దృష్టిలో ఆయన సమయానికి రాని ప్రయాణికుడు, మొదటి సంస్థ దృష్టిలో క్షేమంగా చేరిన ప్రయాణికుడు. మధ్యలో ఎవరూ లేరు.

మా వంతు వచ్చింది. అదే అమ్మాయి మా పీఎన్ఆర్ కొట్టింది, నాలుగు నిమిషాలు కీబోర్డు చప్పుడు, మూడు కొత్త బోర్డింగ్ పాసులు బయటికొచ్చాయి. రాత్రి ఎనిమిదిన్నర విమానం, పక్కపక్క సీట్లు. రూపాయి కట్టమనలేదు. పెట్టెలు వాళ్లే మారుస్తామన్నారు. భోజనానికి కూపన్లు ఇచ్చారు. ఒకే విమానం, ఒకే మంచు, పక్కపక్క వరుసల్లో కూర్చున్నాం. మాకు అరిటాకు వేసి వడ్డించారు, ఆయన్ను వీధిలోకి పంపారు. ఇది చూసి పాత పద్ధతి సంస్థే గొప్పదనుకుంటే పొరపాటే. ఆ దంపతులు వచ్చింది కూడా దాంట్లోనే. బడ్జెట్ సంస్థలో అయినా రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే వాళ్లే మరో దాంట్లో పంపుతారు. విడివిడిగా కొంటే, ఎంత పెద్ద సంస్థ అయినా చేతులెత్తేస్తుంది.

ఆయన కొత్త టికెట్లు కొన్నారు. ఆ పూట ధర, మిగిల్చిన రెండు వేలకు ఎన్నో రెట్లు. ఎక్కని విమానానికి కూడా పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలని నియమం ఉందని, అడిగి తీసుకోమని చెప్పాను. మడతపెట్టిన ప్రసాదం కవరు వెనక రాసుకున్నారు. కూపన్లతో అమ్మ, నేను దోసెలు తిన్నాం. పెద్దమ్మ పాలు తాగి, తన కూపన్‌లో మిగిలిన దాంతో ఆ దంపతులకు రెండు కాఫీలు ఇప్పించింది.

శంషాబాద్‌లో దిగేసరికి రాత్రి పదకొండు. ఇక్కడ కుర్చీ తలుపు దగ్గరే ఉంది. బెల్టు మీద రెండు పెట్టెలు వచ్చాయి. మూడోది, గంగ పెట్టె, రాలేదు.

సోమవారం

సామాను రాలేదని బెల్టు పక్క కౌంటర్‌లోనే, బయటికి రాకముందే, ఫిర్యాదు రాయించాలి. ఆదివారం రాత్రే ఆ పని చేసి, ట్యాగు ముక్క భద్రపరిచి, కూకట్‌పల్లిలో మా చెల్లెలింటికి వచ్చాం. ఫారంలో పెట్టె రంగు, లోపలి వస్తువులు రాయమన్నారు. "రాగి చెంబులు, గంగాజలం" అని రాస్తే ఆ ఉద్యోగి తలెత్తి, జనవరిలో ఇలాంటివి వారానికి ఎన్నో వస్తుంటాయని నవ్వాడు.

సోమవారం పొద్దున ఫోను చేస్తే పెట్టె ఢిల్లీలోనే ఉందన్నారు. మధ్యాహ్నం చేస్తే ఎక్కించామన్నారు. పెద్దమ్మ ఆ రోజంతా ఏమీ తినకుండా కూర్చుంది. అడిగితే ఉపవాసమంది. రాత్రి ఎనిమిదికి సంస్థ పంపిన మనిషి కూకట్‌పల్లి ఇంటికే పెట్టె తెచ్చి, సంతకం తీసుకుని వెళ్లాడు. రెండు చెంబుల మూతల దగ్గర తడి, మిగతావి చెక్కుచెదరలేదు. తువ్వాలు పిండితే వచ్చిన నాలుగు చుక్కలు కూడా పెద్దమ్మ తులసికోటలో పోయించింది.

మా చెల్లెలి అత్తగారు, మామగారు మాఘంలో కాశీ వెళ్తామని అప్పుడే అందుకున్నారు. వాళ్ల టికెట్లు ఆ రాత్రే కూర్చుని తీశాను. రానూ పోనూ నేరు విమానాలు, బడ్జెట్ సంస్థలోనే. ఢిల్లీ మీదుగా భోజనంతో వెళ్లడం కంటే, భోజనం లేకపోయినా మధ్యలో దిగకుండా రెండు గంటల్లో చేరడం డెబ్బై దాటినవాళ్లకు మేలు. సీట్లకు విడిగా డబ్బు కట్టి, మొదటి వరుసల్లో, పక్కపక్కన తీసుకున్నాను. వీల్‌చెయిర్లు రెండు రాయించాను. మామగారు భోజనం సంగతి అడిగారు. పెద్దమ్మ వంటింట్లోంచే, పులిహోరలో చింతపండు కాస్త తక్కువ వేస్తే ప్రయాణంలో దాహం వేయదని చెప్పడం మొదలుపెట్టింది.